నా కార్డు మీద డ్యూటీ ఎవరు చేశారు?

ఎవరైనా దెయ్యాల సంగతి ఎత్తితే అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయే రకం నేను. పుట్టి పెరిగింది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో. ఇక్కడ మూసేసిన ప్రతి సిగ్నల్ కేబిన్‌కీ, ఖాళీగా పడున్న ప్రతి క్వార్టర్‌కీ ఒక కథ ఉంటుంది. చిన్నప్పుడే నేను "ఎవరు చూశారు? ఏ షిఫ్టులో చూశారు?" అని అడిగి, చెప్పేవాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లేవాణ్ణి. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

నాకు తెలుగు రాయడం అమ్మ నేర్పిందే. బళ్ళో అంతా హిందీ. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నాది హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. కరోనా రోజుల్లో ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చాను, ఇక ఇక్కడే ఉండిపోయాను. నా భార్య లలిత ఇక్కడ రైల్వేలో బుకింగ్ క్లర్కు. ఆమెకిచ్చిన క్వార్టర్‌లో మేమిద్దరం, అమ్మా ఉంటాం. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది.

లలితకి రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఆరో నెలలో పోయింది. ఆ రోజు నేను ఆఫీసు మీటింగు కోసం హైదరాబాద్‌లో ఉన్నాను. కబురు తెలిసి రైలెక్కి ఇల్లు చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. లలిత నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మూడోసారి నెల తప్పినప్పుడు డాక్టరమ్మ ముందే గర్భసంచి మూతికి కుట్టు వేసి, కాన్పు దాకా మంచం దిగకూడదని గట్టిగా చెప్పారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మనిషిని లేపి కూర్చోబెట్టే శక్తి లేదు. లలిత ఒకటే అడిగింది, "ఈసారి నువ్వు ఎక్కడికీ వెళ్ళకు" అని. వెళ్ళనని మాటిచ్చాను.

సరిగ్గా అయిదో నెలలో కంపెనీ మెయిల్ వచ్చింది. ఇంటి నుంచి పని ఇక చాలు, మంగళ, బుధ, గురువారాలు అందరూ ఆఫీసులో ఉండాలి. గుమ్మం దగ్గర కార్డు పెడితేనే హాజరు. వరసగా రెండు నెలలు హాజరు లేకపోతే ఉద్యోగం వదులుకున్నట్టే లెక్క.

మా మేనేజరు ప్రకాష్ ఉండేది బెంగళూరులో. టీమ్‌లో మిగతావాళ్ళు తలా ఒక ఊళ్ళో. నేను హైదరాబాద్ ఆఫీసుకి పోయినా వాళ్ళతో మాట్లాడేది వీడియోలోనే. ఆ మాత్రం దానికి అక్కడ కూర్చోవడం దేనికని ప్రకాష్‌తో వాదించాను. నాకు కోపం కాస్త తొందరగా వస్తుంది. ఇంట్లో కష్టం చెప్పుకోవడానికి బదులు కంపెనీ విధానం ఎంత తెలివితక్కువదో రెండు పేజీల మెయిల్ రాసి పడేశాను.

ప్రకాష్ చెడ్డవాడు కాదు. "కాన్పుకి సెలవు ఎన్ని రోజులైనా ఇప్పిస్తాను సతీష్. నాలుగు నెలలు ఇంట్లోంచే చేస్తానంటే పైవాళ్ళు ఒప్పుకోరు. నేనూ రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో పడి వస్తున్నాను కదా" అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. అది నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

చివరికి నేను చేసింది మొండితనం. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఇంట్లోనే కూర్చుని నా పని నేను చేసుకుంటూ పోయాను. తీసేస్తే తీసేస్తారు, అప్పుడు చూసుకుందాం అనుకున్నాను. లలితది జీతం లేని సెలవు. నా ఉద్యోగం కూడా పోతే ఇల్లెలా గడుస్తుందో ఆలోచించే ధైర్యం నాకు లేకపోయింది.

నా మొహం చూసి అమ్మ కనిపెట్టేసింది. "ఏటిరా అలగున్నావు? ఏటైనాది?" అంది. చెప్పాను. అంతా విని, "అచ్ఛా, ఆ రోజుల్లో కేబిన్లో ఒకడింట్లో కష్టమొస్తే ఇంకొకడు ఆడి డ్యూటీకెళ్ళేవోడు. మీ నాయన ఎందరికి అలగ కూకున్నాడో. మీ ఆఫీసులో ఆ పద్ధతి లేదేటి?" అని అడిగింది.

నాన్న లీవర్‌మాన్. పట్టాలు మార్చడానికీ, సిగ్నళ్ళు దించడానికీ కేబిన్లో నిలువెత్తు ఇనప లీవర్లు ఉండేవి, వాటిని లాగే పని ఆయనది. ఎక్కువ కాలం బిల్హా స్టేషన్ వైపు ఒక కేబిన్లో చేశాడు. ఇప్పుడు ఆ కేబినూ లేదు, ఆ పనీ లేదు.

"ఇక్కడ కుదరదమ్మా. కార్డు ఎవరిదో మనిషీ వాడే అయుండాలి" అన్నాను. అమ్మ నాన్న ఫోటో ఉన్న గదిలోకి వెళ్ళింది. రోజూ ఆయనతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది కాబట్టి నేను పట్టించుకోలేదు.

రెండు నెలలు నిండాయి. ఆ సోమవారం తీసేస్తున్నట్టు మెయిల్ వస్తుందని పొద్దుట్నుంచీ గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ప్రకాష్ ఫోన్ చేశాడు.

"థాంక్స్ సతీష్. అంత గొడవ పడ్డావు, తీరా చూస్తే అందరికంటే నీ హాజరే బాగుంది. ఏడూ నలభై ఐదుకల్లా వచ్చేస్తున్నావట!"

వెటకారం అనుకున్నాను. ఫోన్ పెట్టేసి హాజరు పట్టిక తెరిచాను. ప్రతి మంగళ, బుధ, గురువారం నా పేరు ఉంది. లోపలికి ఏడూ నలభై ఐదు, బయటికి నాలుగు. ఒక్క రోజు కూడా పోలేదు.

వెంటనే బీరువా తీశాను. నా కార్డు లలిత స్కానింగు రిపోర్టుల కిందే ఉంది, నేను పెట్టిన చోటే.

అప్పుడే ప్రకాష్‌కి చెప్పాల్సింది. చెప్పలేదు. ఏదో మెషిన్ పొరపాటు, నాలుగు రోజులు కలిసొచ్చిందని సరిపెట్టుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుగానే ఉండేది. కానీ పక్కగదిలో లలిత ఎడమవైపు తిరిగి పడుకుని, కదిలితే ఏమవుతుందోనని ఊపిరి కూడా మెల్లగా పీలుస్తుండేది. ఆమెను చూశాక నా నిజాయితీ కొన్నాళ్ళు ఆగితే ఆగనీ అనిపించింది.

ఏడో నెలలో ఒక బుధవారం పొద్దున్న పదింటికి లలిత నన్ను పిలిచింది. ఆ పిలుపులోనే తెలిసిపోయింది. దుప్పటంతా రక్తం. రెండు చేతులమీదా ఎత్తుకుని మూడు మెట్లు దిగాను. పక్క క్వార్టర్ శర్మాజీ ఆటో ఆపి ఉంచాడు. పావుగంటలో ఆసుపత్రిలో ఉన్నాం. ఇంకో అరగంట ఆలస్యమైతే చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ అన్నారు. బిడ్డ నిలిచింది.

ఆ రోజు కూడా, ఆ టైములో కూడా, పట్టిక ప్రకారం నేను హైదరాబాద్‌లో నా సీట్లో కూర్చుని ఉన్నాను.

తొమ్మిదో నెల పడగానే ఒక గురువారం పాప పుట్టింది. కాస్త బరువు తక్కువ, ఏడుపు మాత్రం కాలనీ మొత్తానికి సరిపోయేంత. దాన్ని నా చేతికిచ్చినప్పుడు నర్సు ముందే ఏడ్చేశాను. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు.

ప్రకాష్ ఇప్పించిన సెలవులోనే బారసాల అయి, పాప కాస్త తేరుకున్నాక ఇక దాచలేకపోయాను. ప్రకాష్‌కి ఫోన్ చేసి నిజం చెప్పాను. నేను ఒక్క రోజు కూడా ఆఫీసుకి రాలేదని, కార్డు బిలాస్‌పూర్ దాటలేదని. ఆయన "హైదరాబాద్ రా. నేనూ వస్తాను" అన్నాడు.

సెక్యూరిటీ విభాగం వాళ్ళు మా ఎదుటే అన్నీ తీసి చూశారు. నా పేరు మీద రెండో కార్డు ఎవరికీ ఇవ్వలేదు. గుమ్మం దగ్గరి మెషిన్‌లో లోపం లేదు, మిగతా అందరి టైములూ సరిగ్గానే ఉన్నాయి. ఆ గంటల్లోనే నా ల్యాప్‌టాప్ బిలాస్‌పూర్ నుంచి పనిచేస్తున్నట్టు కూడా వాళ్ళ దగ్గర రికార్డుంది. కెమెరా రికార్డింగు నెల రోజులే ఉంచుతారట. అప్పటికే చెరిగిపోయింది. నేను ముందే నోరు విప్పి ఉంటే అది దొరికేది. ఆ తప్పు నాదే.

ప్రకాష్‌ని వాళ్ళతో వదిలేసి నా సీటు చూడ్డానికి పైకి వెళ్ళాను. నెలల తరబడి ఎవరూ కూర్చోని బల్ల మీద దుమ్ము లేదు. ఆ అంతస్తు తుడిచే యాదమ్మ అక్కడే ఉంది. నేనెవరో ఆమెకి తెలీదు.

"ఈ సీటు పెద్దాయన వస్తలేడేంది సార్?" అంది.

ఏ పెద్దాయన అని అడిగాను.

"రోజు అందరికన్న ముందే వస్తుండె. నేను ఆ చివర తుడుస్తుంటి, మొఖమైతే చూడలే, ఎనక నుంచే. ఎవ్వరితోని మాట్లాడకపోతుండె. పొయ్యేటప్పుడు కుర్చీ లోపలికి జరిపి పోతుండె. తలుపు మాత్రం ఉత్తచేత్తోని పట్టకపోతుండె సార్. చేతిల గుడ్డ ఉంటుండె, గుడ్డతోనే గుంజుతుండె. చెయ్యికేమన్న అయిందేమో అనుకున్న."

ఆ కుర్చీలోనే కూలబడ్డాను.

కేబిన్ పని తెలిసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. లీవర్‌మాన్ ఎవరూ లీవర్‌ని ఉత్తచేత్తో ముట్టుకోరు. చెమట తగిలితే మెరిసే ఇనుము తుప్పు పడుతుంది. అందుకే చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డ ఉంటుంది, దాంతోనే పట్టుకుని లాగుతారు. నాన్న రిటైరైన తర్వాత కూడా మా ఇంటి గేటు భుజం మీది తువ్వాలుతో పట్టుకునే తీసేవాడు. పొద్దుటి షిఫ్టు ఎనిమిది నుంచి నాలుగు. పావుగంట ముందే వెళ్ళి సంతకం పెట్టేవాడు.

ఇవేవీ యాదమ్మకి తెలిసే దారి లేదు. నేను ఆఫీసులో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

ప్రకాష్‌కి ఇదంతా చెప్పలేదు. కార్డు సంగతి తేలలేదని మాత్రం ఆయనకి తెలుసు. ఆ రోజులన్నీ సెలవు కింద రాయమన్నాను. "పని ఎక్కడా ఆగలేదు కదా, సెలవెందుకు రాస్తాను? ఇంట్లో పరిస్థితి ఇలా అని ఆ మెయిల్‌లో ఒక్క ముక్క రాసుంటే నేనూ ఇంకో రకంగా అడిగేవాణ్ణి" అన్నాడు. తర్వాత పైవాళ్ళతో ఆయనే మాట్లాడాడు. ఇప్పుడు నెలకి ఒక వారం హైదరాబాద్, మిగతా రోజులు ఇల్లు. ఆఫీసంటే అప్పటంత మంట లేదు. ఆ వారం నలుగురితో కలిసి టీ తాగుతుంటే బాగానే ఉంటోంది.

ఆ రోజు తిరిగొస్తూ రైల్లో ఆ పట్టిక మళ్ళీ తెరిచాను. అంతకు ముందు చివరి పేజీ దాకా చూడలేదు. పద్నాలుగు వారాలు నాలుగు కాకుండా బయటికి వెళ్ళని మనిషి, ఆఖరి గురువారం మాత్రం పదకొండూ పదికే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నా పేరు మీద ఏమీ లేదు.

అది పాప పుట్టిన గురువారం. ఆ రోజు లలితని ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్ళి తలుపు వేయగానే నేను అమ్మకి ఫోన్ చేశాను. ఆ కాల్ ఇంకా నా ఫోన్లో ఉంది. పదకొండూ పది.

ఇంటికొచ్చి యాదమ్మ చెప్పిందీ, ఆ టైమూ అమ్మకి చెప్పాను. పాపకి నూనె రాస్తున్న చెయ్యి ఆపి అంది:

"నువ్వు పుట్టినప్పుడు పెద్ద వాన. డ్యూటీ మార్సుకునే రిలీవర్ రాలేదు. కేబిన్ ఒగ్గీసి ఎలగొస్తాడు? కబురందినా కదలకుండా పదారు గంటలు అక్కడే కూకున్నాడు. నిన్ను మర్నాడు గానీ సూడలేదు. సచ్చేదాకా అదే తలుసుకొని ఇదైపోనాడురా."

మళ్ళీ నూనె రాయడం మొదలుపెట్టి, "పోన్లే, ఈసారి డ్యూటీ ఒగ్గీసి ఒచ్చీసినాడు" అంది. ఆమె ఏడవడం లేదు, నవ్వుతోంది.

అది నాన్నేనని రాయడానికి నా బుద్ధి ఒప్పుకోవడం లేదు. ఆ కార్డు ఎలా పనిచేసిందో, యాదమ్మ చూసింది ఎవరినో ఈ రోజుకీ నాకు తెలీదు. తెలిసిందల్లా, ఆ పద్నాలుగు వారాలూ నేను లలిత పక్కనే ఉండగలిగాను, మాకు పాప దక్కింది. దానికి ఎవరికి దణ్ణం పెట్టాలో తెలీక, రోజూ పొద్దున్న నాన్న ఫోటోకే పెడుతున్నాను. పదకొండూ పదికి బయల్దేరిన ఆయన వేళకి చేరి మనవరాల్ని చూసే ఉంటాడని నమ్మాలని ఉంది.