జమ్లీకి తొమ్మిది మార్కులు

ఆ ఏడు పదో తరగతిలో బానోతు కళావతి టీచరుకు అందరికంటే జమ్లీ మీదే బెంగ. పిల్ల చదువులో వెనకబడింది, అది ఒక సంగతి. జమ్లీ తల్లి రాధాబాయి ఏటా పత్తి ఏరడానికీ, మిర్చి ఏరడానికీ ఖమ్మం అవతలి దాకా కూలికి పోతుంది. కూతురు ఎదిగింది, వెంట వస్తే ఇంకో రెండు చేతులు. "పది అయ్యేదాక ఉంచు, పాసైతే హాస్టల్ల నేను చేర్పిస్త" అని కళావతి బతిమాలి ఆపింది. పిల్ల గట్టెక్కితే హాస్టలు, లేకపోతే మిర్చి తోట. మధ్యలో ఇంకో దారి లేదు.

జమ్లీలాగే కళావతిదీ తండానే. డోర్నకల్ దగ్గర పుట్టి, ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు మాట్లాడుతూ పెరిగి సైన్సు టీచరైంది. మహబూబాబాద్‌ను అక్కడివాళ్లు మానుకోట అంటారు. దాని చుట్టుపక్కల ఊళ్లలోనే ఆమె బడి. భర్త ఉపేందర్‌కు భూపాలపల్లి బొగ్గు గనిలో పని, సెలవు దొరికితేనే ఇంటికి.

2011లో సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి, బస్సులు నిలిచిపోయాయి, గనులు ఆగాయి. కళావతి సమ్మెలో మనసారా ఉంది. టెంటు కింద కూర్చుంది, రోడ్డు మీద వంటావార్పులో బువ్వ వండింది. తెలంగాణ రావాలన్నదాంట్లో ఆమెకు రెండో మాట లేదు. కాని నినాదం ఇస్తూ ఇస్తూనే, జమ్లీ ఈపాటికి ఏ పాఠం మర్చిపోయిందో అనుకునేది.

అంతకుముందు జనగామలో జరిగిన ఒక శిక్షణలో ఇంటర్నెట్‌లో ప్రశ్నలు పెట్టే పద్ధతి చూపించారు. పిల్లలు జవాబు నొక్కగానే అదే దిద్ది మార్కులు వేస్తుంది. అది గుర్తొచ్చి మానుకోట స్టేషను దగ్గర అబ్రహాం నడిపే నెట్ సెంటరుకు పోయి కూర్చుంది. నేర్పేవాళ్లు లేరు, అలాంటి సైట్లు ఒక్కొక్కటే తెరిచి చూసుకుంది. ఒకదానికి పిల్లలందరికీ ఈమెయిలు ఉండాలి. తండా పిల్లలకు ఈమెయిలు ఎక్కడిది? ఇంకొకటి తెలుగు అక్షరాలను ఖాళీ గళ్లుగా చూపించింది. మూడోది అన్నిటికంటే గట్టిది. ప్రతి పిల్లకూ విడి పాస్‌వర్డు, ప్రతి ప్రశ్నకూ గడువు, ఎవరెంతసేపు ఆలోచించారో కూడా చెబుతుంది. అయితే అక్కడి నెట్‌కు ప్రశ్న తెర మీదికి వచ్చేలోపే గడువు తీరిపోతోంది. జమ్లీ బెదిరిపోతుందని దాన్నీ వదిలేసింది. చివరికి, పేరూ రోల్ నంబరూ కొడితే చాలు, ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు అనేదాన్ని పట్టుకుంది. జాలిపడి ఎంచుకున్నానంటుంది ఆమె ఇప్పటికీ.

వీలున్నప్పుడు మానుకోటకు వచ్చి రాయమని పిల్లలకు కబురు చేసింది. ఈ సంగతి టెంటు దాకా పోయింది. అదే బడిలో సోషల్ చెప్పే జగపతి సారు సమ్మె కమిటీలో పెద్ద.

"ఏందమ్మా కళావతీ, సమ్మెల ఉండుకుంట పాఠం చెప్తున్నవట?"

"పాఠం చెప్తలేను సార్. ప్రశ్నలు అడుగుతున్న."

"ప్రశ్నలడుగుడు సమ్మెలకు రాదా?"

"మనం టెంట్ల కూసోని చేస్తున్నది గదే గద సార్."

టెంటులో నవ్వులు లేచాయి. జగపతి సారు కూడా నవ్వేసి ఊరుకున్నాడు.

కరెంటు మాత్రం నవ్వి ఊరుకోలేదు. గనులు ఆగిపోయి బొగ్గు రాక, కోతల మీద కోతలు. ప్రశ్నలు సగం కొట్టేసరికి కంప్యూటరు ఆరిపోయేది. ఇంటికొచ్చి, గని ఆగి ఇంట్లోనే ఉన్న ఉపేందర్ మీద పడేది.

"మీరు బొగ్గు తియ్యరు, నాకు కరెంటు రాదు. నా పిల్లలేం గావాలె?"

"నువ్వు బడి బంద్ పెట్టినవ్, నేను బాయి బంద్ పెట్టిన," అన్నాడు ఉపేందర్. బొగ్గు గనిని వాళ్లు బాయి అంటారు. "ఎవల మీద ఎవలం కేసు పెడదాం జెప్పు?"

కొన్నాళ్లకు మార్కులు రావడం మొదలైంది. తండా పిల్లలు ఒక్కరూ తప్పలేదు, అందరికీ పదికి తొమ్మిది. జమ్లీకీ తొమ్మిది. కళావతి తెర ముందు నుంచి లేవలేకపోయింది. అందరూ తప్పిన ప్రశ్న ఒక్కటే, కుంభాకార దర్పణం మీదిది. అందరూ నొక్కిన తప్పు జవాబూ ఒక్కటే. ఆమె అనుమానించింది పిల్లలను కాదు, తనను. ఆ పాఠం నేనే సరిగ్గా చెప్పి ఉండను, బడి తెరవగానే మళ్లీ చెప్పాలి అనుకుంది.

"పిల్లలు వస్తున్నరా అన్నా?" అని అబ్రహాంను అడిగింది.

"వస్తున్నరు టీచర్. ఎండకు ఎండుకుంట సైకిల్ మీద వస్తున్నరు పాపం."

ఆ వారంలోనే రాధాబాయి వచ్చింది. పత్తికి కూలీల మేస్త్రీ జట్టు కడుతున్నాడు. వాకిట్లోనే నిలబడి, తమ లంబాడీలోనే అడిగింది.

"బడి లేదు గద చెల్లె, పిల్లను తోల్కపోత. ఇంట్ల ఉండి ఏం జేస్తది?"

"వద్దక్కా. ఇంట్లున్నా సదువుతున్నది. తొమ్మిది మార్కులొచ్చినయి."

"నువ్వు సదివినదానివి, నేను సదవలే. ఒక్క మాట జెప్పు. పాసైతదా, కాదా?"

"అయితది."

రాధాబాయికి ఆ మాట చాలు. కూతురిని తన తల్లి దగ్గర వదిలి ఒక్కతే పోయింది.

సమ్మె ముగిసి బడి తెరిచాక కళావతి పరుగందుకుంది. తొమ్మిది మార్కులు వచ్చిన పాఠాలు పిల్లలకు వచ్చినట్టేనని వాటిని దాటేసింది. దర్పణాల పాఠం ఒక్కటే మళ్లీ మొదటినుంచి చెప్పి, మిగతా సిలబస్ మీద పడింది. జమ్లీ ఎప్పటిలా వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చునేది. అర్ధ సంవత్సర పరీక్షలో ఆ పిల్ల పేపరు చూస్తే, ప్రశ్నలే అందంగా ఎక్కించి ఉన్నాయి. జవాబు ఒక్కటీ లేదు.

"ఏందే జమ్లీ ఇది? నెట్‌ల తొమ్మిది కొట్టినవు గద?"

"నేను కొట్టలే టీచర్. నా నంబర్ అనిత కొట్టింది."

అనితను పిలిచింది. తండాలో చురుకైన పిల్ల.

"అందరియి నువ్వెందుకు రాసినవే?"

"నాకు సైకిలున్నది టీచర్."

వేళాకోళం కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "అందరం ఎందుకు పోవుడు అన్నరు మా తాత. రేషన్‌కు అందరి కార్డులు ఒక్కలే పట్కపోతరు గద, గట్లనే. ఒక్క ప్రశ్న నాకు గూడ రాలే."

కళావతికి ఇది కొత్త కాదు. చిన్నప్పుడు తన తండాలో అందరి రేషను కార్డులూ గుడ్డలో మూటగట్టి డోర్నకల్ మోసుకుపోయింది తను. దుకాణం ముందు ఒక్కతే నిలబడి అందరి బియ్యం తెచ్చింది. ఒకరు పోతే అందరూ పోయినట్టే అన్న లెక్క ఆమె పుట్టి పెరిగిన లెక్క. అందరికీ ఒకే మార్కులు, ఒకే తప్పు వస్తే ఆ లెక్క తెలియని టీచరు ఎప్పుడో అనుమానించేది, ఆమెకు మాత్రం అది వింతగా తోచలేదు. పిల్లలది దొంగతనం కాదు. దొంగతనమైతే తిట్టి ఊరుకునేదాన్ని, అంటుంది ఆమె. తను చేసిన వాగ్దానం మాట ఏమిటి? దాన్ని నమ్మి ఒక మనిషి ఒక్కతే కూలికి పోయింది.

మర్నాడు బడి కంప్యూటరు గదిలో పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టింది. ఈసారి ప్రతి ప్రశ్న కింద ఇంకో జవాబు చేర్చింది: 'నాకు తెల్వది'. జమ్లీ మొదట ఆమె మొహంలోకి చూసింది, నొక్కొచ్చా అన్నట్టు. తర్వాత వరసగా అదే నొక్కుకుంటూ పోయింది. రెండు ప్రశ్నల దగ్గర మాత్రం ఆగి, ఆలోచించి, సరైన జవాబు పెట్టింది.

పదికి రెండు. మూడు నెలల్లో పరీక్ష.

పత్తి అయిపోయి రాధాబాయి తిరిగొచ్చింది. మిర్చి జట్టు కదిలేలోపు నిజం చెప్పాలని కళావతే తండాకు పోయింది. మంచంలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, నేను నీకు తప్పు చెప్పిన. పిల్లకు ఏం రాదు. ఆ మార్కులు జమ్లీయి కావు."

రాధాబాయి చేటలోని బియ్యం ఏరుతూనే అంది.

"నీ మాట మీద ఒక్కదాన్నే పోయిన. పక్క సాలోళ్లు ఇద్దరేసి ఏరుతుంటే, నేనొక్కదాన్నే ఎనకబడితి. మేస్త్రీతోని తిట్లు పడితి."

"జర ఈ మూడు నెలలు ఉండనియ్యక్కా. మా ఇంట్ల పెట్టుకొని చెప్త."

"వద్దు. పరీక్షలప్పుడు తోల్కొస్త. అబద్ధం ఆడను."

జమ్లీ గుంజ పట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు.

జట్టు వెళ్లిపోయింది. కళావతి మూడు రోజులు ఆగి రాధాబాయి ఫోనుకు కొట్టింది. మిర్చి తోటలో పని ముగిసే పొద్దు. "జమ్లీకి ఇయ్యి" అంది. జమ్లీకి ఒక ప్రశ్న, నాలుగు జవాబులు చదివి వినిపించింది.

"తెల్వది టీచర్."

అర్థం చెప్పి ఇంకొకటి అడిగింది. తెల్వది. మర్నాడు మళ్లీ కొట్టింది. ఒక్కోరోజు సిగ్నలు ఉండేది కాదు, ఒక్కోరోజు జమ్లీ మిర్చి ఘాటుకు తుమ్ముతూ ప్రశ్నే మర్చిపోయేది. "ఫోన్ చార్జింగ్ అయిపోతది" అని వెనక నుంచి రాధాబాయి కసిరేది గానీ ఫోను మాత్రం లాక్కోలేదు. తెల్వది అన్నవి కొంచెం కొంచెం తగ్గాయి. పరీక్షలు ముంచుకొచ్చే వేగానికి ఆ తగ్గడం ఏ మూలకూ చాలదని కళావతికి తెలుసు. చార్జింగ్ ప్లగ్గు దగ్గర నిలబడి ఫోను మాట్లాడుతూనే ఏడ్చిన రోజులున్నాయి.

రాధాబాయి అన్నట్టే పరీక్షలకు తీసుకొచ్చింది. జమ్లీ సైన్సు గట్టెక్కింది. లెక్కలు పోయాయి, ఇంగ్లీషూ పోయింది. ఫలితాలు వచ్చిన రోజు కళావతి తండాకు పోలేదు. పోయి ఏం చెప్పాలి? ఫోను చేయడానికీ చెయ్యి రాలేదు.

నాలుగో రోజు ఫోనే మోగింది. రాధాబాయి నంబరు. తిట్లే అనుకుని ఎత్తింది.

"టీచర్," అంది జమ్లీ. "సప్లిమెంటరీకి అమ్మ సరే అన్నది. లెక్కల సార్‌కు గూడ గిట్ల ఫోన్ల అడగొస్తదా?"