రాజుగారు అడిగిన లెక్క

నా చిన్నప్పుడు మా మేడ మీది రేకుల గదిలో ఒక రాజుగారి కొడుకు అద్దెకుండేవాడు. నైజీరియా దేశంలో యొరూబా జనం ఉండే ఒక పట్టణానికి ఆయన తండ్రి నిజంగానే రాజు. కొడుకు కాలేజీ చదువుకని బెంగుళూరు వచ్చి, అప్పటికింకా రాగి చేలు మిగిలి ఉన్న కుందలహళ్ళిలో మా ఇంటికి చేరాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, ఐదడుగుల పది అంగుళాల గుమ్మం. రోజూ వంగి వెళ్ళి వంగి వచ్చేవాడు. పక్కింటి అత్త నవ్వేది. "మన కౌన్సిలరు కొడుకే బుల్లెట్ మీద తిరుగుతా ఉండాడు, రాజు కొడుకు సైకిల్ తొక్కుతాడంటప్పా!"

మేము ఆయన్ని మేడ మీది అన్న అనేవాళ్ళం. ఆయనకు తెలుగు నేర్పింది మా అమ్మ. రాగి సంగటి తమ ఊళ్ళో తినే ముద్దలాగే ఉందని మొదటి రోజే రెండు ముద్దలు తిన్నాడు. అప్పటినుంచి అమ్మ ఆయన వంతు కూడా కలిపి కెలికేది. మాది హిందూపురం వైపు. అందువల్ల అన్న మాట్లాడితే అచ్చం మా అమ్మ మాట్లాడినట్టే ఉండేది. అమ్మ పోయాక కూడా ఆయన మాట అలాగే ఉండిపోయింది.

నాకు పదేళ్ళప్పుడు అమ్మ జ్వరంతో పోయింది. నాలుగు రోజులు జ్వరం. ఐదో రోజు మనిషి లేదు. నాకు ఏడుపు రాలేదు. బాధగా ఉందా అంటే అదీ తెలియలేదు. చెయ్యి మీద పడుకుని లేస్తే ఆ చెయ్యి కాసేపు మనది కానట్టుంటుంది చూడండి, ఒళ్ళంతా అలా ఉండేది. గడప పక్కన కూర్చుని వచ్చినవాళ్ళను లెక్కపెట్టాను. బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చినవాళ్ళను రెండోసారి కలపకుండా జాగ్రత్తపడ్డాను. నూట నలభై ఆరు మంది.

మూడో రోజు మేడ మీద విస్తరిలో కూడు పెట్టి అందరం వెనక్కి జరిగాం. కాకి ముట్టలేదు. పోయినవాళ్ళు కాకై వచ్చి తింటారని, మనసులో కొరత ఉంటే ముట్టరని మావాళ్ళ నమ్మకం. మా నాయనకు అక్క, మా పెద్దత్త, నన్ను చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. "కన్నబిడ్డ కంట్లో ఒక్క చుక్క ల్యా. రాయి మాదిరి కూచోనుండాది. ఆయమ్మ యాడ ముడతాది?" పెద్దత్త చెడ్డది కాదు. మూడు రోజులుగా ఏడ్చి ఆమె గొంతు పోయి ఉంది. కానీ ఆ మాట నేను నమ్మాను. నా వల్లే అమ్మ ఆకలితో ఉందని నమ్మాను. పదకొండో రోజు పెద్దదినం. అప్పుడూ ముట్టకపోతే మళ్ళీ పెట్టేది లేదన్నారు. అంటే ఏడుపు తెచ్చుకోవడానికి నాకు ఎనిమిది రోజులు ఉన్నాయి.

అమ్మ చీర వాసన చూశాను. ఉల్లిగడ్డలు తరిగాను. నాకు ఉల్లిగడ్డలు చిన్నప్పటినుంచీ అలవాటే, పని చెయ్యలేదు. ఏడు రోజులు అయిపోయాయి. పదో రోజు సాయంత్రం మేడెక్కి, ఏడవడం ఎలాగో చెప్పమని అన్నను అడిగాను.

ఆయన నవ్వలేదు. చదువుతున్న పుస్తకం మూసి, వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. రాజు కాకముందు ఆయన రాజకీయ నాయకుడట. మూడుసార్లు ఎన్నికల్లో నిలబడి రెండుసార్లు గెలిచాడట. ఊళ్ళో ఏ ఇంట్లో చావు జరిగినా ఆయన అక్కడ ఉండాల్సిందే. ఒక్కో శనివారం మూడేసి ఇళ్ళకు వెళ్ళి, శవం పక్కన నిలబడి, పేరు కూడా సరిగా తెలియనివాళ్ళ కోసం కన్నీళ్ళు పెట్టుకునేవాడట. ఎదుటి పార్టీవాళ్ళ ఇల్లయితే నాలుగు చుక్కలు ఎక్కువే రాల్చేవాడట. "చేతిగుడ్డకు తలనొప్పి మందు పూసి ఇచ్చేది నేనే పాపా. అప్పుడు నాకు నీ వయసే" అన్నాడు అన్న. పెట్టెలోంచి ఒక చేతిగుడ్డ తీసి, మూలకు మందు పూసి నాకిచ్చాడు. "కావాలంటే వాడు. వద్దంటే జోబిలో పెట్టుకో."

నేను వాడాను. పెద్దదినం నాడు పూజ దగ్గర ఆ మూలను కంటికి అద్దుకోగానే రెండు కళ్ళూ మండి ధారలు కట్టాయి. పెద్దత్త నన్ను గుండెకు హత్తుకుంది. "ఏడ్సు బంగారూ, ఏడ్సు. ఇప్పుడు తింటాది సూడు మీయమ్మ." చుట్టూ ఉన్న ఆడవాళ్ళ ముఖాలు తేలికపడ్డాయి. మేడ మీద విస్తరి పెట్టి అందరం మెట్ల దాకా జరిగాం. కాకి వచ్చి పిట్టగోడ మీద వాలింది. విస్తరి వైపు చూసింది. అక్కడే కూర్చుంది.

మా నాయన ముందుకు వెళ్ళి చేతులు జోడించి, పిల్లను బాగా చదివిస్తానని మాట ఇచ్చాడు. కాకి కదల్లేదు. "నీ బిడ్డను నేను సాక్కుంటా, తినమ్మా" అంది పెద్దత్త. కదల్లేదు. నేను మెల్లగా పక్కకు జరిగి అన్న గది గుమ్మం దగ్గరికి వెళ్ళాను.

"దానికి తెలిసిపోయినాది అన్నా. అవి మందు నీళ్ళని."

ఆయన గుమ్మంలోనే చతికిలబడ్డాడు. అప్పుడు, లోగొంతుతో, ముందురోజు చెప్పకుండా ఆపిన సగం చెప్పాడు. రాజవంశంలో పుట్టినవాడు కాబట్టి ఊరి పెద్దలు వాళ్ళ నాన్నను రాజుగా ఎన్నుకున్నారు. మూడు నెలలు ఒక ఇంట్లో ఎవరికీ కనబడకుండా ఉంచారు. బయటికి వచ్చాక ఆయనకు పార్టీ లేదు, పాత పేరు లేదు. కన్నకొడుకైనా సరే ఎదుట బోర్లా పడుకుని 'కబియేసి' అనే పిలవాలి. నిన్ను ప్రశ్నించేవాడు లేడు అని ఆ మాటకు అర్థమట. కిరీటం నుంచి పూసల సరాలు ముఖం మీదికి వేలాడుతుంటాయి, వెనకాల కళ్ళు కనబడవు. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉంది. రాజు శవాన్ని చూడకూడదు, ఏ అంత్యక్రియలకూ వెళ్ళకూడదు. రాజైన రెండో ఏడు ఆయన తల్లి చనిపోయింది. ఊరందరి చావులకూ వెళ్ళిన మనిషి ఆ ఒక్కదానికి వెళ్ళలేకపోయాడు. ఆమె ముసలామె కాబట్టి వాళ్ళ పద్ధతిలో డప్పులతో ఘనంగా సాగనంపారు. ఆ డప్పులు రాజమందిరం గోడ అవతలి నుంచి వెళ్ళిపోయాయి.

"అంతా అయినంక నేను పొయ్యి, బోర్లా పండుకోని, అయిపోయినాది అని చెప్పినా. అప్పుడు మా నాయన ఏమడిగినాడో తెల్సునా? ఎంతమంది వచ్చినారు, అని. చానామంది అంటిని. ఎంతమంది, అని మళ్ళా అడిగినాడు. మూడు తూర్లు అడిగినాడు పాపా. నేను లెక్కబెట్టలా. ఆ పొద్దంతా నేను ఏడ్సుకుంటానే ఉంటిని. ఆయనకు చెప్పల్యాకపోతిని."

నా వైపు తిరిగి అడిగాడు. "మీయమ్మకు ఎంతమంది వచ్చినారు?"

"నూట నలభై ఆరు."

"నాకు కాదు. ఆయమ్మకు చెప్పు."

"యాడికే?" అని పెద్దత్త అంటున్నా ఆగకుండా నేను విస్తరి దాకా వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. "అమ్మా, నూట నలభై ఆరు మంది వచ్చినారు. మనూరి నుంచి ఇరవై రెండు మంది. పాలు పోసే ఆయప్ప రెండు తూర్లు వచ్చినాడు, నేను ఒకటే లెక్కబెట్టినా." ఇంకేమీ తోచలేదు. లేచి వచ్చేశాను. మందు ఘాటు అప్పటికే పోయింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

కాకి దిగి వచ్చి విస్తరిలోంచి వడ ఎత్తుకుంది. నా మాటకు వచ్చిందో, మేమందరం ఇంకొంచెం దూరం జరిగినందుకు వచ్చిందో నేను చెప్పలేను. తెలియనిదాన్ని తెలుసని అనడం నాకు చేతకాదు. పెద్దత్త మాత్రం "తినెనప్పా, తినెను" అంటూ నా తల నిమిరింది. ఆ తర్వాత నన్ను ఎవరూ ఏడవమనలేదు.

రెండేళ్ళకు చదువు ముగించుకుని అన్న వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళాక తండ్రికి ఏదైనా ఒక అంకె చెప్పాడో లేదో తెలియదు. చెప్పే ఉంటాడని నేను అనుకుంటూ ఉంటాను. పూసల వెనక ఉన్న మనిషిని చూసే వీలు ఎవరికీ లేదు కాబట్టి, ఆయన ఏడ్చాడా లేదా అన్నది కూడా ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

ఇప్పుడు నాకు యాభై దగ్గరపడింది. చావు జరిగిన ఇంటికి వెళితే నేను ఎవరి కళ్ళ వైపూ చూడను. పోయినవాళ్ళతో చివరిసారి మాట్లాడేది కన్నీళ్ళతోనే కానక్కర్లేదని, తెలిసిన సంగతి ఒక్కటి నిజంగా చెబితే చాలని ఆ పిట్టగోడ దగ్గర నేర్చుకున్నాను. మొన్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మాకు తెలిసినవాళ్ళ ఇంట్లో తండ్రి పోయాడు. ఆయన ఎనిమిదేళ్ళ కూతురు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పెద్దవాళ్ళు భుజం కుదిపి, ఏడువమ్మా, ఏడ్చేసెయ్ అంటున్నారు. నేను ఆ పాపను పక్కకు పిలిచి, నాన్నకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే చెప్పమన్నాను. ఏడవమని అనలేదు, ఏడవొద్దనీ అనలేదు. ఆ పిల్ల చాలాసేపు ఆలోచించింది. తర్వాత వెళ్ళి ఆయన చెవి దగ్గర వంగింది.

"నాన్నా, స్కూటర్ తాళం ఫ్రిజ్ మీదే ఉంది."