పథ్యమని మాన్పించిన వేరుశనగ

ఆ రోజు ఆదోని మార్కెట్ యార్డులో వేరుశనగ గింజ కొరికి తేమ చూస్తున్నాను. ఉమ్మితే గింజతో పాటు రక్తం పడింది. చిగుళ్ళదేమోలే అని రెండు వారాలు గడిపేశాను. సాయంత్రమైతే జ్వరం, దగ్గు. ప్యాంటు జారుతుంటే బెల్టుకు ఇంకో చిల్లు వేయించుకున్నానే గానీ ఆస్పత్రికి పోలేదు. వ్యాపారంలో ఇంత ఏమరుపాటు ఉంటే ఏనాడో అంగడి మూసేవాణ్ణి.

చివరికి ఆస్పత్రికి పోతే ఎక్స్‌రే తీశారు, కళ్ళె పరీక్ష చేశారు. "టీబీ అప్పా. ఆర్నెల్లు మాత్రలు మింగితే పోతాది. బాగా తిను," అన్నారు డాక్టరు. తలూపి వచ్చేశాను.

నా భార్య సుశీలది ఎమ్మిగనూరు. జబ్బు మనిషికి పథ్యం పెట్టడంలో ఆమె మాటకు తిరుగులేదు. పప్పు అరగదని, వేరుశనగ పైత్యమని, పెరుగు కఫమని అన్నీ మాన్పించింది. రెండు పూటలా చారన్నమే. మాది గుడ్డు ముట్టని ఇల్లు. బలానికని ప్రోటీన్ పౌడర్ డబ్బా కొని రోజూ ఒక చెంచా నీళ్ళలో కలిపి ఇచ్చేది. వేరుశనగ, పప్పుధాన్యాలు అమ్మే వ్యాపారినై ఉండి కూడా నేను అడ్డు చెప్పలేదు. డాక్టరు పనికి పోవచ్చన్నాక యార్డులో మళ్ళీ గింజలు కొరికేవాణ్ణి. పథ్యం కదా, ఒక్కటీ మింగేవాణ్ణి కాదు.

రెండో నెలకు కళ్ళెలో క్రిములు లేవు. కానీ యాభై ఎనిమిది కిలోలవాణ్ణి నలభై నాలుగుకు దిగాను. పాదాలు వాచాయి. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ బాగా తక్కువని రిపోర్టు. "మందు పని చేస్తాండాది. ఇట్లే దిగితే మనిషే నిలబడడు," అన్నారు డాక్టరు. అప్పుడు భయమేసింది.

నన్నూ సుశీలనూ డైటీషియన్ మేడమ్ దగ్గరికి పంపారు. ఆమె నా పనీ తిండీ అడిగి తెలుసుకుని, మేం తీసుకుపోయిన పౌడర్ డబ్బా తిప్పి చదివి లెక్క వేసింది. రెండు వందల గ్రాముల డబ్బా మూడు వందల యాభై రూపాయలు, అందులో ప్రోటీన్ అరవై ఎనిమిది గ్రాములు.

"ఇంతే ప్రోటీన్ పావు కిలో మీద రవ్వంత బుడ్డల్లో వస్తాది. మీ అంగట్లో ఎంతప్పా?" అని అడిగింది. బుడ్డలంటే మా వైపు వేరుశనగే.

నలభై రూపాయలన్నాను, తలెత్తకుండా.

గుడ్డు ఏడు రూపాయలు, ఆరు గ్రాములు, ఒంటికి బాగా పడుతుందని చెప్పింది. అది తినకపోతే పాలు, పెరుగు, అన్నంలోకి గట్టి పప్పు. చారులో పులుపు తప్ప పెద్దగా ఏమీ లేదంది.

సుశీల డబ్బా తీసి సంచిలో పెట్టేసింది. తర్వాత, "మేడమ్, మా నాయనకూ టీబీనే. ఆయప్పకూ ఇదే పథ్యం పెట్టినాను. పోయినాడు," అంది.

మేడమ్ కలం కింద పెట్టింది. "నీకు ఎవురూ సెప్పలేదు కదమ్మా," అంది.

మాత్రలు అయిపోయి ఏడాదైంది. ఇప్పుడు యాభై ఆరు కిలోలున్నాను. పొద్దున పిడికెడు ఉడికించిన వేరుశనగ, రెండు పూటలా పప్పు, పెరుగు. గుడ్డు మాత్రం నా గొంతు దిగలేదు. దిగేవాళ్ళు తినండి.

నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు బాగా తినమంటే నాలా తలూపి రాకండి. ఇంట్లో ఏమేం మాన్పించారో అదీ చెప్పండి. ఆలస్యంగానైనా నా సంగతి బయటపడింది. మా మామకు ఆ అదృష్టం లేకపోయింది. ఆ మాట మా ఇంట్లో ఎవరమూ ఎత్తం. సుశీల మాత్రం రెండో గరిటె పప్పు అడక్కుండానే వేస్తుంది, వద్దన్నా వినదు.