హుస్ గారి వీసా

మా సండేస్కూల్ అంకుల్ ప్రభువునందు నిద్రించారని మంగళవారం పొద్దున పాస్టరు గారు సంఘం గ్రూపులో పెట్టారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఈ పరాయి దేశపు ఊరు పిస్కాటవేలోని మా తెలుగు సంఘంలో తను నిద్రపోకుండా, ఇంకొకర్ని నిద్రపోనివ్వకుండా బతికిన మనిషి ఆయనొక్కరే.

ఉద్యోగం మందుల కంపెనీలో. ప్రాణం మాత్రం ఆరువందల ఏళ్ల కిందటి యూరప్‌లో. పిల్లలకు నోవహు కథ చెప్పమంటే, ఓడ ఎక్కించినట్టే ఎక్కించి ప్రాగ్ నగరంలో దించేవారు. అక్కడ జాన్ హుస్ అనే బోధకుడు, జనం మాట్లాడుకునే చెక్ భాషలోనే ప్రసంగాలు చేసేవాడు. మతపెద్దలకు మండింది. మహాసభకు వచ్చి జవాబు చెప్పు, దారిలో నీకేమీ కాదు అని సిగిస్మండ్ రాజు కాగితం రాసిచ్చాడు. వెళ్లాక జైల్లో వేశారు. ఇదంతా అంకుల్ స్టీలు ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటూ, తెనాలిలో నిన్ననే జరిగినట్టు చెప్పేవారు. పైగా అందరికీ ‘గారు’ తగిలించేవారు. హుస్ గారు, రాజు గారు, ఆఖరికి జైలరు గారు కూడా.

ఆ ‘గారు’ కొంప ముంచింది. నా చిన్నప్పుడు ఒక ఆదివారం, ప్రార్థన విన్నపాలు ఉన్నాయా అని పాస్టరు గారు అడిగితే చెయ్యెత్తాను.

"హుస్ గారి కోసం ప్రే చేయండి. పేపర్స్ ఉన్నాయి రమ్మన్నారు. వచ్చాక జైల్లో పెట్టేశారు."

పేపర్లు, జైలు ఒకే ఊపిరిలో వినబడితే వీసాల మీద బతికే మావాళ్లకు గుండె జారుతుంది.

"ఏ ఊరు నాన్నా వాళ్లది, గుంటూరా?" అంది వెనక వరస ఆంటీ.

"హెచ్ వన్ అయ్యుంటుంది. ఎంప్లాయర్ ముంచేసుంటాడు. నాకో లాయర్ తెలుసు," అన్నాడు పక్కనున్న ఇంకో అంకుల్.

హుస్ సహోదరునికి విడుదల దయచేయమని పాస్టరు గారు కన్నీళ్లతో ప్రార్థించారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది మా అంకులే. తర్వాత పార్కింగ్ లాట్‌లో నన్ను ఆపి, "ఇన్నాళ్లకు ఆయన కోసం ఒకడు నోరు తెరిచాడురా," అని కళ్లద్దాలు తుడుచుకున్నారు.

ఆయనకు ఇంకో ఆప్తుడు ఓకం గారు. ఇంగ్లండ్ సన్యాసి, తత్వవేత్త. అక్కర్లేనిదాన్ని ఆలోచనలోంచి కోసెయ్యమన్నవాడు. కమిటీ మీటింగులో ఎవరైనా సాగదీస్తే చాలు, అంకుల్ గడ్డం గీస్తున్నట్టు బుగ్గ మీద వేలు నడిపేవారు. ఓకం గారి కత్తి బయటికొచ్చిందని పిల్లలం కిసుక్కుమనేవాళ్లం.

పోయిన నెల ఆ కత్తి ఆయన తెలుగులో చెప్పే సండేస్కూల్ క్లాసు మీదికే వచ్చింది. "పిల్లలందరికీ ఇంగ్లిష్ వచ్చు అన్నయ్య గారూ. ఇంగ్లిష్ క్లాసుంది. మళ్లీ తెలుగు క్లాసెందుకు? మీ ఓకం గారే కోసేస్తారు," అంది సెక్రటరీ ఆంటీ.

అంకుల్ ఫ్లాస్కు మూత బిగించారు. "అక్కర్లేనిది కోయమన్నారమ్మా. నాలుక కోయమనలేదు."

సరే, మీరున్నన్నాళ్లూ ఉంచుదాం అన్నారు కమిటీవాళ్లు. ఆయన లేరు ఇప్పుడు.

అందుకే సమాధి దగ్గర్నించి వస్తూ, క్లాసు నేను చెప్తానన్నాను.

"నీ తెలుగులో ఒత్తులే ఉండవు కదరా," అంది సెక్రటరీ ఆంటీ.

"ఓకం గారు కోసేశారు ఆంటీ."

ఆమె నవ్వింది, ఏడ్చింది. ఈ ఆదివారం పిల్లలు కూర్చుంటే చూద్దాంలే అంది.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిల్లల ముందు నిలబడి, గంభీరంగా సంతాపోపన్యాసం మొదలుపెట్టాను. మహనీయుడు అన్నాను. తీరని లోటు అన్నాను. ఆంటీ గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తోంది. ముందు వరసలోని పాప నా మొహంలోకి చూస్తూ, మెల్లగా, బుగ్గ మీద వేలు నడిపింది.

ఉపన్యాసాన్ని అక్కడికక్కడే కోసేశాను.

"అన్నా, హుస్ గారు లోపలికి వెళ్లాడా?" అంది.

కిందటి ఆదివారం అంకుల్ కథను అక్కడ ఆపారట, మహాసభ తలుపు దగ్గర. అదే ఈ తలుపనుకోండి అంటూ మా గుమ్మం చూపించాను. పిల్లలందరూ కుర్చీల్లో అటు గిరుక్కున తిరిగారు. ఆంటీ ఏమనుకుందో, గుమ్మంలోంచి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. రాజుగారి కాగితం జేబులో పెట్టుకుని ఎవరో రాబోతున్నట్టు, అందరం ఆ తలుపు వైపే చూస్తున్నాం.