బొరుగులు నానబెట్టిన నీళ్ళు

కాస్త ఇటు జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే ఉండండి, చెవి నాకిస్తే చాలు. డోన్‌లో నేను ఉగ్గాని బండి పెట్టిన మొదటి రోజుల సంగతి చెబుతాను.

మాది కోసిగి పక్కన పల్లె. పంట ఎండిన ప్రతి ఏడూ మేము సుగ్గికి పోయేవాళ్ళం. అంటే కూలీలను కుదిర్చే మేస్త్రి లారీ ఎక్కి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవడం. మూడు నెలలు పరాయి చేలగట్టు మీద గుడిసె. పోయిన ప్రతిసారీ మా పాపకు బడి తప్పేది. ఆ ఏడు అది తొమ్మిదో తరగతిలో ఉంది. ఇంకొక్కసారి మాతో లారీ ఎక్కిందంటే మళ్ళీ బడి ముఖం చూడదని నాకు తెలుసు. అందుకే క్రిస్మస్‌కు నెల ముందే డోన్ చేరి, అద్దె గది తీసుకుని, స్టేషన్ దారిలో తోపుడు బండి పెట్టాం.

మా ఆయన ఒకటే మాట అన్నాడు. "పండగ దాకా సూస్తాం మే. జరగలేదంటే మూటగట్టుకోని పోదాం."

ఉగ్గాని నాకు కొత్త కాదు. బొరుగులు నీళ్ళలో ముంచి, మెత్తబడగానే పిండి, ఉల్లిగడ్డ తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లి కలపడమే. పక్కన మిరపకాయ బజ్జీ. మొదటి రోజు తిన్నవాళ్ళు రుచి బాగుందనే అన్నారు. మూడో రోజుకు వాళ్ళెవరూ రాలేదు. నా బండి దాటుకుని పోయి, అవతలి హోటల్లో ఇడ్లీ తింటున్నారు.

ఎందుకో నాకు అర్థం కాలేదు. చెప్పింది ఒక ఆటో ఆయన. ప్లేటు అందుకోబోయి, నా బేసిన్‌లోకి తొంగిచూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏందక్కా, పొద్దున్నించి అవే నీళ్ళా? ఇది బర్రెకు పెట్టేదా, మాకు పెట్టేదా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను బేసిన్ చూసుకున్నాను. నీళ్ళు బూడిద రంగుకు తిరిగి, పైన పొట్టు తేలుతోంది. తెల్లవారుజామున పోసిన నీళ్ళు అవి. ఎనిమిదైనా మార్చలేదు. ప్లేట్లు కడిగే బకెట్టుదీ అదే తీరు. ఇంట్లో అట్లాగే చేసేదాన్ని కాబట్టి నా కంటికి అందులో తప్పేమీ కనపడలేదు.

మా పల్లెలో నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడే. బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు, ముఖం కడిగిన నీళ్ళు చెట్టుకు. నీళ్ళను ఊరికే నేల మీద పోసిన కోడలిని మా అత్త వారం రోజులు సాధించేది. ఆ కోడలు నేనే.

బండి పక్కన చాయ్ అంగడి తాత అంతా విన్నాడు. "పారబోయ్ బిడ్డా. ఈడ కొళాయి ఉండాది, మళ్ళా పట్టుకోవచ్చు," అన్నాడు.

బేసిన్ ఎత్తుకుని మురుగు కాలువ దాకా పోయాను. పారబోయడానికి చెయ్యి వంగలేదు. అట్లాగే తెచ్చి బండి కింద పెట్టాను. తాత చాయ్ వడపోసుకుంటూ తల ఊపాడు.

ఆ రోజు చేసిన ఉగ్గానిలో సగం మేమే తిన్నాం. మా ఆయన చెయ్యి కడుక్కుంటూ, "మేస్త్రి ఫోన్ చేసినాడు. మనిద్దరి పేర్లు రాసుకున్నాడంట," అన్నాడు. పాప పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

పడుకున్నా ఆ ఆటో ఆయన మాటే చెవిలో తిరిగింది. బర్రెకు పెట్టేదా అన్నాడు కదా.

మరునాడు పొద్దున తాత అంగడికి పాలు పోయడానికి వచ్చిన ఆమెను అడిగాను. "అక్కా, మీ బర్రెలు కుడితి తాగుతాయా?"

"అదేం మాట మే? నీళ్ళు తాగుతావా అని నన్ను అడిగినట్లుండాది!" అని నవ్వి, ఖాళీ పాల క్యాను నా ముందు పెట్టింది. "ఇందులో పోసి పెట్టు. బజ్జీల కారం మాత్రం కలపొద్దు, మా బర్రె తంతాది."

అప్పటినుంచి రెండు వాయిలకొకసారి నీళ్ళు మార్చాను. పాతవి క్యానులోకి, కొత్తవి బేసిన్‌లోకి. బర్రె తాగుతుందని తెలిశాక చెయ్యి దానంతటదే వంగింది. సబ్బు నీళ్ళు మాత్రం కళ్ళు మూసుకుని కాలువలోనే పోశాను. నాలుగు రోజులకు ఆ ఆటో ఆయనే ఇద్దరిని వెంటేసుకుని వచ్చి, బండి కింది పాల క్యాను చూశాడు.

"ఏమక్కా, బర్రెది బర్రెకు చేరిందా?"

"చేరిందప్పా. నీది ఈడుండాది, సల్లారక ముందే తిను."

క్రిస్మస్ అయిన మూడో రోజు లారీ వచ్చి మా దారిలో ఆగింది. నా బండి చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. మా ఆయన బజ్జీలు తీస్తూ ఒకసారి లారీ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. మేస్త్రి దిగి వచ్చాడు.

"ఏమ్మా, మూటలు యాడ? ఎక్కరా?"

నేను బొరుగులు పిండుతున్నాను. మా ఆయనే అన్నాడు. "పేర్లు కొట్టెయ్యన్నా. పాపకు బడి ఉండాది."

మేస్త్రి పేర్లు కొట్టేసి, ఒక ప్లేటు పెట్టమన్నాడు.

లారీ మీద మా పల్లె వీధి ఆడవాళ్ళున్నారు. పొట్లాలు కట్టి అందించాను. వాళ్ళ బిందెలు తీసుకుని కొళాయి కింద నింపి ఇచ్చాను. లారీ కదిలినప్పుడు ఒక బిందె తొణికి నీళ్ళు రోడ్డు మీద పడ్డాయి. నేను చూశాను. తిరిగి వచ్చి బేసిన్‌లో కొత్త నీళ్ళు పోశాను.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంటి బిందెలు అడుగంటకుండా ఉండాలి. మీ పొయ్యి మీద రోజూ తాలింపు చిటపటలాడాలి. మీ గడపలో ఏ బిడ్డా పలక పక్కనపెట్టి లారీ ఎక్కే రోజు రాకూడదు.