మద్రాసు అంచు కోసం బాపట్ల ప్రయాణం

రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే పొద్దుటి పాసింజరు పట్టుకోవాలనుకునేవారు ఆరు కొట్టకముందే స్టేషనుకు చేరాలి. ఇంజనుకు దగ్గర పెట్టెలో, కిటికీ పక్కన మాత్రం కూర్చోకూడదు. ఈ సంగతి తెలిసీ ఆ రోజు నేను అక్కడే కూర్చున్నాను. భట్టిప్రోలు చేరేలోగా బొగ్గు నలుసులు పడి కళ్ళు మండటం మొదలుపెట్టాయి. మంట నాకు ఆ వారంలో కొత్తేమీ కాదు.

డెబ్భైల మొదటి రోజులు. రేపల్లెలో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టారిగా పనిచేస్తున్నాను. ఏటా వార్షికోత్సవానికి మా స్కూలు ఒక సంచిక వేస్తుంది. పిల్లల కథలు, పద్యాలు, క్లాసుల వారీ ఫొటోలు, చివర పెద్దల శుభాకాంక్షలు. దానికి అట్ట మీద బొమ్మ ఎప్పుడూ నాదే. ఆ ఏడు మా హెడ్మాస్టారు తెనాలిలో మీటింగుకు వెళ్ళి, ఎవరి చేతిలోనో బాపట్ల స్కూలు సంచిక చూసి వచ్చారు. ఇక నా ప్రాణం తోడెయ్యడం మొదలుపెట్టారు.

"అదండీ అట్టంటే! నీలం మీద బంగారు రంగు అంచు. మద్రాసు పనితనమట. మీరూ వేస్తారు, ఏటా అదే దీపం, అదే పుస్తకం, అదే నెమలీక."

నెమలీక రెండేళ్ళు మానేశానండీ అన్నాను. వినిపించుకోలేదు.

బాపట్ల డ్రాయింగు మాస్టారు పరాయివాడైతే నాకింత బాధ లేకపోను. ఆయన మా చెల్లెలు భారతి భర్త, మా బావగారు రామ్మోహనరావు. ఇద్దరం ఒకేచోట ట్రైనింగు అయ్యాం. ఆ రోజుల్లో ఆయన వేసిన చెట్టు గొడుగులాగా, గొడుగు చెట్టులాగా ఉండేవి. అలాంటి మనిషి అట్టను తెనాలిలో చేతులు మార్చుకుని చూస్తున్నారంటే నా కడుపు ఎలా ఉంటుంది?

"శనివారం సెలవిస్తాను, వెళ్ళి చూసి రండి," అన్నారు హెడ్మాస్టారు. "దానికి దీటైంది తెచ్చారా, సరే. లేదంటే ఈసారి అట్ట మీ బావగారినే వేసిపెట్టమందాం. మీ ఇంటి మనిషేగా, మీకూ అభ్యంతరం ఉండదు."

అభ్యంతరం ఉండదట! ఆ మాటతో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

పెనుమర్రు దాటాక ఎండ ముదిరింది. జంపని దగ్గర చెరుకు బళ్ళు గేటు దగ్గర బారులు తీరి ఉన్నాయి. నా ఎదుట ఒక పెద్దాయన, ఒళ్ళో గోనెసంచి, పక్క ఊరి బళ్ళకేసి చూసి నిట్టూర్చాడు.

"వాళ్ళ చెరుకు చూడండి, ఏం పెరిగిందో. మాదీ అదే విత్తనం, అదే కాలవ నీళ్ళండి."

"మీది మాత్రం తక్కువా?" అని ఆయన పక్కనున్న ఆవిడ దులిపేసింది. "పొరుగింటి పుల్లకూర రుచి. ఈయన బతుకంతా అంతేనండి."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆవిడ నన్నే అన్నట్టు అనిపించింది.

తెనాలిలో దిగితే ముందు టిఫిన్ చెయ్యాలి. స్టేషను బయట హోటల్లో ఉప్మా పెసరట్టు, అల్లం చట్నీ, ఆపైన స్ట్రాంగు కాఫీ. మనసు బాగోకపోయినా పెసరట్టు బాగుంది. అక్కడి నుంచి నడిచి, మా సంచిక అచ్చువేసే ప్రెస్సుకు వెళ్ళాను. బాపట్ల వాళ్ళదీ అక్కడే అచ్చయిందని విన్నాను. బాపట్ల చేరకముందే ఆ అట్ట చూసేసి, ఆ బొమ్మకో వంక వెతికి పెట్టుకోవాలని నా ఆశ.

"ఆ అట్టా? అయ్యో, కాపీలన్నీ పట్టుకుపోయారండి," అన్నాడు ప్రెస్సు యజమాని. "బ్లాకు కూడా తీసుకెళ్ళిపోయారు." బ్లాకంటే బొమ్మను రేకు మీదికి దించి చెక్కకు బిగించింది, దాంతోనే అచ్చు పడుతుంది. "నేను ఇన్నేళ్ళుగా ప్రెస్సు నడుపుతున్నాను మాస్టారూ, అలాంటి అంచు మన చేతుల్లో నుంచి రాదు. ఎవరో మద్రాసాయన వేశాడట. బావగారు అదృష్టవంతులు."

"అవునండి, అదృష్టవంతులే," అన్నాను. నా నోట్లో పెసరట్టు రుచి పోయింది.

మధ్యాహ్నం బాపట్ల వైపు వెళ్ళే బండి జనంతో కిటకిటలాడుతోంది. నిడుబ్రోలు దాకా నిలబడే వెళ్ళాను. నిలబడి వెళ్తూ దారిలో కనిపించినవన్నీ బొమ్మలుగా మార్చుకోవాలని చూశాను. స్టేషను కంచె, బండి చక్రం, ఒకావిడ చేతిలోని విసనకర్ర అల్లిక. దేన్ని చూసినా దాని మీద నేనింకా చూడని ఆ నీలం అట్ట వచ్చి పడేది. నిడుబ్రోలు దాటాక సీటు దొరికింది గాని నాకు మాత్రం ఒక్క గీతా దొరకలేదు.

బాపట్లలో రిక్షా దిగేసరికి గాలిలో సముద్రం వాసన వేస్తోంది. భారతి గుమ్మంలోనే ఎదురై, "అన్నయ్యా! చెప్పా పెట్టకుండా?" అంటూ సంచీ అందుకుంది. వాళ్ళ అత్తగారు అరుగు మీద చింతపండు గింజ తీస్తూ, "రా నాయనా, చిక్కిపోయావేంటి?" అన్నారు. చిక్కిపోక ఏంచేస్తాను?

మా బావగారు స్కూలు నుంచి రాగానే చొక్కా అయినా విప్పకుండా బీరువా తీసి సంచిక నా చేతిలో పెట్టారు. "మీరు చూడాలనే దాచాను బావగారూ. మీకు నచ్చితేనే నాకు నచ్చినట్టు," అన్నారు. ఆయన అలా మంచిగా మాట్లాడటం నాకు ఇంకా కష్టమైంది. గర్వపడేవాడైతే ఎదురు మాట అనొచ్చు. మంచివాణ్ణి ఏమనాలి?

అట్ట చూశాను.

నీలం మీద బంగారు రంగులో వరుసగా తెరచాప పడవలు. ప్రతి పడవ కిందా నీళ్ళలో దాని నీడ. ఆ నీడ తలకిందులై తామరమొగ్గలా కనిపిస్తుంది. పడవకూ పడవకూ మధ్య చిన్న అల.

ఆ పడవలు నావి.

భారతి పెళ్ళికి సారె చీర నేయించింది నేనే. చీరాల దగ్గర పల్లెలో నాకు తెలిసిన నేతాయన ఇంట్లో కూర్చుని, గళ్ళకాగితం మీద ఆ అంచు వేశాను. మా కాలవలో వెళ్ళే పడవలవి. ఇంటికి తెస్తే మా అమ్మ మురిసిపోయింది, వెంటనే దిగాలు పడిపోయింది. బాపట్లవాళ్ళకు చీరాల చీర పెడితే "మా పెరట్లోది మాకే పెట్టారు" అంటారని భయం. పెళ్ళిలో వియ్యపురాలు అంచు చేత్తో తడిమి "ఎక్కడిదండీ?" అని అడిగితే, అమ్మ కన్నార్పకుండా, "మద్రాసు నుంచి తెప్పించాం వదినగారూ," అంది. ఇంటిల్లిపాదీ ఆ మాటకు తలలూపాం.

"ఈ డిజైను నాది కాదు," అంటున్నారు బావగారు. "భారతి చీర మంచం మీద పరిచి, పైన పల్చటి కాగితం వేసి దించుకున్నాను. ఆ మద్రాసాయన ఎవరో గాని, చెయ్యంటే అదీ! మీరూ నేనూ జన్మెత్తి అలా గీయలేం బావగారూ. ఒప్పుకోవాలి."

"మా వియ్యపురాలికి రుచి తెలుసు," అన్నారు అత్తగారు అరుగు మీద నుంచే. "ఊళ్ళో అందరికీ పప్పుబెల్లాల్లా చీరాల చీరలు పెడతారు. మా కోడలికి మద్రాసు నుంచి వచ్చింది. ఏ పేరంటానికి కట్టుకెళ్ళినా ఆ మాట చెప్పకుండా ఉండను."

వారం రోజులుగా ఎవరిని తలుచుకుని కళ్ళలో నిప్పులు పోసుకున్నానో ఆ మద్రాసాయన్ని నేనే. అయినా మంట తగ్గలేదు సరికదా, పెరిగింది. నా చేతికి రావలసిన మెప్పు నా కళ్ళెదుటే, మా అమ్మ పుట్టించిన మనిషికి వెళ్ళిపోతోంది.

భారతి నా వంక చూసి పెరట్లోకి వెళ్ళింది. చెయ్యి కడుక్కునే మిషతో నేనూ వెళ్ళాను.

"చెప్పేస్తాను," అన్నాను. "ఇప్పుడే చెప్పేస్తాను. నేను వేశాను, చీరాల మగ్గం మీద నేశారు అని."

"చెప్పు," అంది భారతి, బావిలో చేద వదులుతూ. "ముందు మా అత్తగారికి చెప్తావా, ఆవిడ చెప్పి తిరిగిన ఊరందరికీ చెప్తావా? అమ్మ లేదు కదా, ఎవరొచ్చి సర్దిచెప్తారు?"

"నా బొమ్మే అది!"

"నాకు తెలియదా?"

"నీకు తెలిస్తే మా హెడ్మాస్టారికి తెలిసినట్టా? నీకు తెలిస్తే తెనాలి ప్రెస్సాయనకు తెలిసినట్టా?"

మాట జారాక నొచ్చుకుందేమోనని చూశాను. నవ్వింది. "నీ కుళ్ళు ఇంకా పోలేదురా అన్నయ్యా. చిన్నప్పుడు కూడా నా పలకే నీ పలకకన్నా నల్లగా ఉందని ఏడ్చేవాడివి." చేద పైకి లాగి నా చేతుల మీద నీళ్ళు పోసింది. "ఆ చీర కట్టుకున్నప్పుడల్లా కుచ్చిళ్ళలో నీ పడవలు లెక్కపెట్టుకుంటాను. అవునూ, కొంగు కూడా వేశావుగా? లాకులు అవీ. అదేమైంది?"

నిజమే, కొంగూ వేశాను. కాలవలో నీళ్ళు ఆపే లాకులు, మూసిన తలుపులు, ముందు తెరచాపలు దించి వరుసలో ఆగిన పడవలు. నేతాయన దాన్ని చూసి దణ్ణం పెట్టి, "అంచు నేస్తాను బాబూ, ఈ కొంగు నా వల్ల కాదండి," అన్నాడు. చీరకు సాదా కొంగే పడింది. ఆ కాగితం ఎప్పుడో ఎలకలు కొట్టేశాయి.

ఆ రాత్రి అక్కడే ఉండి, ఆదివారం మామిడికాయ పప్పుతో భోంచేసి బయలుదేరాను. బావగారు బస్సు దాకా వచ్చారు. "రేపల్లె అట్టకు ఏమైనా సాయం కావాలంటే రాయండి, నేను వేసిపెడతాను," అన్నారు. పళ్ళు కొరుక్కుని, "తప్పకుండా," అన్నాను.

వచ్చేటప్పుడు తెనాలి చుట్టు తిరగనక్కర్లేదు. చెరుకుపల్లి, నగరం మీదుగా రేపల్లెకు బస్సు ఉంది. కుదుపులు ఎక్కువ, దుమ్ము ఇంకా ఎక్కువ. నడుంనొప్పి ఉన్నవాళ్ళు ముందు సీట్లో కూర్చోవాలి. మా బస్సు నగరంలో టైరు పంక్చరై ఆగింది. డ్రైవరూ కండక్టరూ జాకీ కోసం కేకలేసుకుంటుంటే, నేను టీకొట్టు బల్ల మీద కూర్చుని కాగితం తీశాను.

ముందు లాకు తలుపులు పడ్డాయి. తర్వాత వాటి ముందు పడవలు ఒకదాని వెనక ఒకటి. తెడ్డు ఆనించి చుట్ట కాల్చుకునే సరంగు. తలుపులు ఎప్పుడు తీస్తారా అని ఆగి ఉన్న నీళ్ళు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. బాపట్లవాళ్ళ దగ్గర అంచే ఉంది. కొంగు ఎవరి దగ్గరా లేదు. రెండు సంచికలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పడవలు ఈ లాకు దగ్గరికే వస్తున్నాయని తెలిసేది ఒక్క భారతికే.

బస్సులో నా వెనక కూర్చున్న ఒకావిడ వచ్చి వంగి చూసింది. "ఎంత చక్కగా ఉందో! ఎక్కడి నుంచి దించావు నాయనా?"

చుట్టూ చూశాను. బాపట్లవాళ్ళెవరూ లేరు. "ఎక్కడినుంచీ దించలేదమ్మా. నాదే. నేనే వేశాను," అన్నాను కాస్త గట్టిగానే.

"అలాగా," అందావిడ. "మరైతే ఈ సరంగు తలకి పాగా కూడా చుట్టు, ఎండగా ఉంది."

చుట్టాను. నిజంగానే బాగుంది.

రేపల్లె చేరేసరికి దీపాలు పెడుతున్నారు. మా హెడ్మాస్టారి ఇల్లు బస్టాండు దారిలోనే. వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. రేపటిదాకా ఆగలేక వెళ్ళి కాగితం చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, లాంతరు దగ్గరికి జరుపుకుని చాలాసేపు చూశారు.

"శభాష్!" అన్నారు చివరికి. "ఈసారి అట్ట మీదే. ఇంకెవరినీ అడగక్కర్లేదు."

ఒంట్లోకి ప్రాణం వచ్చింది. ఇక కుళ్ళుకోవడానికేం మిగల్లేదనుకున్నాను.

"ఆ మద్రాసాయన చెయ్యి అచ్చుగుద్దినట్టు పట్టుకున్నారండీ," అన్నారాయన, కాగితం ఎత్తి మళ్ళీ చూస్తూ. "అనుకరించినా ఇంత బాగా అనుకరించడం అందరివల్లా కాదు. కింద మీ పేరుతో పాటు 'మద్రాసు ధోరణిలో' అని కూడా వెయ్యండి. మర్యాదగా ఉంటుంది."

నోరు తెరిచాను. భారతి, వాళ్ళ అత్తగారు, పెళ్ళి పందిట్లో కన్నార్పకుండా నిలబడ్డ మా అమ్మ, ముగ్గురూ నా కళ్ళముందు నిలిచారు.

"చిత్తమండి," అన్నాను. అక్కడే కూర్చుని, లాంతరు వెలుగులో, నా పేరు కింద చక్కటి అక్షరాలతో మద్రాసు ధోరణిలో అని రాశాను. అమ్మ మాట నిలబడింది. కడుపు మాత్రం ఇప్పటికీ మండుతూనే ఉంది.