తెరచాప తాతను రాసిందెవరు?

మా వీధి చివర చింతచెట్టు మీద ఏదో ఉందని అందరూ చుట్టూ తిరిగి పోతుంటే, నీడ బాగుంటుందని నేను నా స్కూటీ దాని కిందే నిలిపేదాన్ని. దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వి లేచిపోయే రకం నేను. ఇప్పుడు రాసేదాంట్లో కూడా దెయ్యం లేదు, చీకటి లేదు. అంతా పట్టపగలు, అన్నాలు తిన్న తర్వాత జరిగింది. జరిగింది జరిగినట్టు చెబుతాను. మీకేమైనా అర్థమైతే సంతోషం.

మాది తిరుత్తణి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మావాళ్ళది నేత. నేను తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో పని చేస్తాను, రోజూ రైలే. ముప్పై ఆరేళ్ళు వచ్చినా పెళ్ళి కాలేదు. ఆ విషయం నేను మర్చిపోయినా మా బంధువులు మర్చిపోరు.

రెండేళ్ళ క్రితం నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. మనం చెప్పేది అర్థమవుతుందనీ, అవును కాదని తల ఊపగలడనీ డాక్టరు చెప్పారు. ఆయన ఆసుపత్రిలో ఉండగానే ముందుగదిలో మంచానికి చోటు చూడాల్సి వచ్చింది. ఆ గది నిండా ఆయన గుంత మగ్గమే, నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని నేసేది. రెండు రోజుల్లో దాన్ని అమ్మేశాను. ఆయన్ని అడగలేదు.

అమ్మడం అంత తప్పు కాదేమో. మగ్గం విప్పడానికి వచ్చినవాళ్ళు దాని మీదున్న పడుగును, అంటే నిలువు దారాలను, ఏం చేయాలని అడిగితే, నేను కత్తెర తెచ్చి మొత్తం కత్తిరించేశాను. మాలో అలా చేయరు. చీర పూర్తయినా పాత పడుగు కొసలు జానెడు, దువ్వెనలా ఉండే అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కొక్క దారాన్నీ ఆ కొసలకే అతుకుతారు. అచ్చు ఖాళీ అయ్యిందంటే ఆ ఇంట్లో నేత ముగిసినట్టే. ఇది నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. తొందరలో గుర్తు రాలేదు. అమ్మ చూసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

నాయన ఇంటికొచ్చాడు. గుంత పూడ్చి సిమెంటు చేసిన చోటు చూశాడు, నన్ను చూశాడు. ఆ రోజు నుంచి నేను గదిలోకి వస్తే చాలు, ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. నా మీద కోపమా నాయనా అని అడిగితే తల ఊపి చెప్పేస్తాడు. ఏడాదిన్నర పాటు అడగలేకపోయాను. అవునంటాడేమోనని భయం.

ఆ రోజుల్లోనే ఫోనులో ఒక గుంపు కనిపించింది. కొందరు తెలుగువాళ్ళు కలిసి ఆన్‌లైన్‌లో ఒక అంతరిక్ష కథ రాస్తున్నారు. నక్షత్రాల వెలుగునే గాలిగా పట్టుకుని పెద్ద తెరచాపతో పోయే ఓడ, పేరు తూనీగ. ఒక్కొక్కరికీ ఒక్కో పాత్ర. నా పాత్ర ఏం చేసిందో, ఏమందో నేను రాయాలి. అవతలివాళ్ళ పాత్ర మనసులో ఏముందో నేను రాయకూడదు. రాసిన ప్రతి భాగమూ చివర తెరిచి వదలాలి, ఇంకొకరు అందుకోవడానికి. దీన్ని నడిపేది గుంటూరు వైపు టీచరు ఒకావిడ. అందరూ కెప్టెనక్కా అంటారు.

చేరాలంటే ఒక పేజీ రాసి పంపమన్నారు. బళ్ళో తమిళం చదివినదాన్ని. చిన్నప్పుడు నాయన నేర్పిన అక్షరాలతో తప్పులతడకగా రాసి పంపితే, ఏం చూశారో ఏమో, తీసుకున్నారు. ఓడలో నా పాత్రకు దూరం నుంచి వచ్చే సంకేతాలు వినే ఉద్యోగం ఇచ్చారు.

సాయంత్రం కడంబత్తూరు దాటాక రైల్లో సీటు దొరికేది. కిటికీ పక్కన కూర్చుని రాస్తూ రాస్తూ కునుకు తీసేదాన్ని. బయట వరి మళ్ళు, ఎండ పల్చబడుతూ ఉండేది. కళ్ళు మూస్తే తూనీగ. అరక్కోణంలో టీ అమ్మేవాడి కేకకు లేస్తే, ఏది కల, ఏది రాసింది అని ఒక నిమిషం తెలిసేది కాదు. ఆ గంటసేపు నేను ఎవరి మగ్గమూ అమ్మలేదు. అందుకే ఆ కథను అంతగా పట్టుకున్నాను.

ఒకసారి కథలో తెరచాప చిరిగింది. దాన్ని బాగుచేయడానికి తెరచాప తాత వచ్చాడు. ఓడలో వంటవాడూ, డాక్టరూ, ఈ తాతా ఎవరివీ కాని పాత్రలు, అవసరాన్ని బట్టి ఎవరైనా రాయొచ్చు. వాటికి ఒక ఉమ్మడి లాగిన్ ఉంటుంది, పాస్‌వర్డ్ అందరికీ తెలుసు.

తాత మాట మా ఇంటి మాట, దిగులును కవల అనే మాట. "కవల పడొద్దు మీరు. దారం తెగితే ఏంది, కొస ఉండాది గదా. కొస ఉంటే అతుక్కోవచ్చు," అన్నాడు. ఎడమ పక్క తలనొప్పి మందు డబ్బా మూతలో విభూది పోసుకుని, వేళ్ళకు అద్దుకుంటూ దారాలు మెలిపెట్టాడు. నా పాత్రను చూసి, "ఏం తూంగుమూంజీ, లేచినావా?" అన్నాడు.

నిద్రమొహం అని అర్థం. చిన్నప్పుడు నూలు కండెలు చుడుతూ అలాగే నిద్రపోయేదాన్నని నాయన నన్ను ఆ పేరుతోనే పిలిచేవాడు. అయితే అది తమిళనాట ఎవరైనా అనే మాటే. విభూది కూడా చాలామంది నేతగాళ్ళు వాడతారు. ఆ డబ్బా మూత దగ్గర మాత్రం నా వేలు ఆగిపోయింది. నాయన మగ్గానికి ఎడమ పక్కన ఉండేదీ అలాంటి మూతే.

తాత నాలుగు భాగాలు రాశాడు. కెప్టెనక్కకు ఫోన్ చేసి, తాతను ఎంత బాగా రాస్తున్నారక్కా అన్నాను.

"అదేంటమ్మా, నువ్వే రాస్తున్నావనుకుంటున్నాం మేమంతా. ఆ యాస మాకెవరికి వచ్చు?" అంది ఆవిడ.

గుంపులో తొమ్మిదిమందినీ అడిగింది. అందరూ మేం కాదనే అన్నారు. ప్రతివాళ్ళూ ఇంకెవరో రాస్తున్నారులే అనుకున్నారు. ఉమ్మడి పాత్రలతో వచ్చే తంటా అదే.

నేనే రైల్లో నిద్రమత్తులో రాసి మర్చిపోయానా అని కూడా చూసుకున్నాను. కానీ ఆ నాలుగూ మధ్యాహ్నం రెండుకూ మూడుకూ మధ్య వచ్చాయి. ఆ వేళకు నేను బళ్ళో టీసీలు టైపు చేస్తుంటాను, నా ఫోను పెద్ద మేడమ్ సొరుగులో ఉంటుంది. నాయనకు అది అన్నం తిని నిద్రపోయే వేళ. ఆ ముక్క తట్టగానే నా మీద నాకే చిరాకేసింది. ఆయన పేరున ఇంట్లో ఉన్నది ఒక బటన్ల ఫోను, అది కూడా అమ్మ చేతిలోనే.

తర్వాత ఒకరోజు వానకు బడికి సెలవిచ్చారు. మధ్యాహ్నం నాయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయన గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు. వెనక అమ్మ గిన్నెలు తోముతోంది. రెండు దాటింది. ఫోను తీసి నా పాత్ర చేత ఇలా అనిపించాను: తాతా, తెరచాప దానంతట అది చిరగలేదు. కత్తిరించింది నేను. కొసలు కూడా మిగల్చలేదు. నిన్ను అడగలేదు.

అంతే రాసి, చివర తెరిచి వదిలేశాను. కథలోనైనా ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

కాసేపటికి నాయన ఎడమ చెయ్యి కదిలింది. నిద్రలోనే. దారాన్ని బిగించే మగ్గం పలకను లాగి వదిలినట్టు, మళ్ళీ లాగి వదిలినట్టు. ఊపిరి నిదానంగా ఉంది, బయట వాన కూడా అంతే నిదానంగా పడుతోంది. మగ్గం చప్పుడు వినిపించిందని అబద్ధం చెప్పను, వినిపించలేదు. కానీ ఆ సిమెంటు నేల మీద నాకు చాలా రోజుల తర్వాత హాయిగా అనిపించింది. చెయ్యి ఎంతసేపు ఆడిందో తెలియదు. అది ఆగాక, ఫోనులో తాత జవాబు వచ్చి ఉంది.

"తెలుసు పాపా. ఆ పొద్దే తెలుసు. నేనైతే కత్తిరించలేక ఆ గుంతలోనే కూచోని ఉంటా. ఎవురో ఒకరు చెయ్యాల, నువ్వు చేసినావు. గోడ పక్క తిరుక్కునేది నీ మింద కోపంతో కాదు. నోట్లోంచి ఎంగిలి కారతా ఉంటాది. నువ్వు చూస్తే నాకు కష్టంగా ఉంటాది."

తూనీగలో గుంత లేదు. మా గోడ సంగతి ఆ గుంపులో ఎవరికీ చెప్పలేదు.

నాయనకు మెలకువ వచ్చింది. నేను ఆ భాగాన్ని ఆయన వీపు వైపు నుంచే పైకి చదివాను. చదవడం అయ్యాక ఆయన మెల్లగా, చాలా కష్టపడి, నావైపు తిరిగాడు. నోటి పక్కన తడిగా ఉంది. దాచుకోలేదు. నేను చున్నీతో తుడిచాను. తుడవనిచ్చాడు.

తాత ఆ తర్వాత మళ్ళీ రాయలేదు. కెప్టెనక్క కంప్యూటర్లు తెలిసినవాళ్ళ చేత చూపించింది, ఉమ్మడి లాగిన్ కాబట్టి ఎవరు రాశారో తేలలేదు. ఇక నువ్వే రాయమని గుంపులో అందరూ అంటారు. నాకు చెయ్యి రాదు.

ఈ మధ్య ఒకసారి ధైర్యం చేసి, "ఆ తాత నువ్వేనా నాయనా?" అని అడిగేశాను. నాయన నావైపు చూశాడు.

వంటింట్లోంచి అమ్మ, "పిచ్చిదానా, మీ నాయన ఓడ యాడ చూసినాడు?" అంది.

నాయన సగం నోటితోనే నవ్వాడు. అవుననీ తల ఊపలేదు, కాదనీ ఊపలేదు.